రాలని పూల తీగ

వసంత పూర్ణిమ ఆనాడే. ధూమ్రగిరి కోట నడిమి మండపంలో వెదురు నిచ్చెన మీద నిలబడి, చిత్రకారుడు వకుళుడు గోడ చివరి మూలకు చేరుకున్నాడు. పొద్దు వాలేలోగా ఆ మూల నిండాలి. నిండితే భార్య దక్కుతుంది. నిండకపోతే ఈ జన్మలో మళ్ళీ ఆమె ముఖం చూడడు.

ఆ గోడ తాటిచెట్టంత ఎత్తు, ముప్పై బారల పొడవు. ఆరు నెలల క్రితం దాని మీద సున్నం తప్ప ఏమీ లేదు. నేడు దాని మీద మామిడి చివుళ్ళు ఎర్రబారాయి. కడిమి కొమ్మలు బంతుల్లాంటి పూలతో వంగాయి. మొగలి పొదల నీడన నెమలి పురి విప్పి నిలిచింది. తామరాకుల మీద నీటిబొట్లు ఇప్పుడో ఇంకాసేపటికో జారిపోతాయన్నట్టు వణికాయి. ఇనుప ముసుగులు తొడిగిన కోట భటులు సైతం ఆ గోడ పక్కన నడిచేటప్పుడు గడ్డి తొక్కుతామేమో అన్నట్టు అడుగు చూసుకుని నడిచేవారు.

వకుళుడు రత్నశిలా రాజ్యంలో సామాన్యుడు. పల్లెల్లో తలుపుల మీద, పెళ్ళిపీటల మీద పూలూ చిలకలూ వేసి బతికేవాడు. గురువు దగ్గర కుంచె పట్టిన నాడే ఒక ఒట్టు పెట్టుకున్నాడు. రంగు కోసం నేల రాలిన పూలనే ఏరుకోవాలి. కొమ్మ మీది పువ్వును ముట్టకూడదు. ఆ ఒట్టు వల్ల ఇంట్లో రోజూ పోట్లాటే.

"ఏమయ్యా, ఊళ్ళో ఆడవాళ్ళందరూ తాజా పూలు పెట్టుకుంటారు. చిత్రకారుడి పెళ్ళాన్ని, నేను మట్టి దులిపిన పూలు పెట్టుకోవాలా?" అనేది భార్య నందిక.

"రాలిన పువ్వుకు వాసన తగ్గుతుందా ఏమిటి?"

"నీకు నా మీద ప్రేమ తగ్గింది. అది చెప్పు!" అని ఆమె నవ్వేది. మళ్ళీ అంతలోనే, "ఆ కుంచె ఉత్తరీయానికి తుడవకయ్యా! ఉతికేది నువ్వా నేనా?" అని కసిరేది.

ఆశ్వయుజంలో ఒక ఉదయం, అడవి అంచున ఇద్దరూ రాలిన పారిజాతాలు ఏరుతూ ఉండగా సుడిగాలి వచ్చి నందికను ఎత్తుకుపోయింది. ఆ గాలి వెంట కొండలు దాటి, ఏరులు ఈది, వకుళుడు ధూమ్రగిరి చేరాడు. అక్కడ మాంత్రికుడు విశంకటుడు అతని కోసమే ఎదురుచూస్తున్నాడు.

విశంకటుడికి ఒక ముని శాపం ఉంది. అతని అడుగు పడిన చోట పువ్వన్నది మాడిపోతుంది. కోట వెనక గొప్ప ఉద్యానం ఉన్నా, పుట్టి బుద్ధెరిగాక అతను ఒక్క పువ్వునైనా దగ్గరగా చూసి ఎరుగడు.

"చిత్రకారుడా, నా గోడ మీద తోట పూయించు. దాన్ని చూసి తేనెటీగ మోసపోవాలి, వచ్చి వాలాలి. వాలిన ఘడియలో నీ భార్యను నీ ఎదుట నిలబెడతాను. వసంత పూర్ణిమ నాటి పొద్దు దాటిందా, ఆమెను మరిచిపో" అన్నాడు. మాట తప్పనని నిప్పు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు.

అప్పటి నుంచి వకుళుడికి ఆ ఉద్యానమే బడి అయింది. తెల్లవారగానే వెళ్ళి చెట్ల మధ్య కూర్చునేవాడు. కానుగ లేతాకు ఎండలో ఒక పచ్చన, నీడలో మరో పచ్చన అని అక్కడే గమనించాడు. వాన కురిసి వెలిశాక కాండం నల్లబడి, పువ్వు వెలుగుతుందని అక్కడే నేర్చాడు. శంఖుపూల నుంచి నీలం, పారిజాతపు కాడల నుంచి కాషాయం తీసి, తుమ్మబంకతో కలిపి గోడకు ఎక్కించాడు. చూసినవాళ్ళు ఔరా అన్నారు. కాని తేనెటీగలు గోడ దాకా వచ్చి, ఒక్క చుట్టు తిరిగి, వెళ్ళిపోయేవి.

అయిదో నెలలో, పాడుబడ్డ బావి వెనక అతనికి ఒక తీగ కనిపించింది. దాని పూలు దానిమ్మ గింజలో దీపం వెలిగించినట్టున్నాయి. అలాంటి ఎరుపును అతను కలలోనైనా చూడలేదు. తీగ కింద ఉత్తరీయం పరిచి ఏడు రోజులు కూర్చున్నాడు. ఒక్క పువ్వూ రాలలేదు. గడువు దగ్గరపడుతోంది. ఎనిమిదో రోజు, 'ఒక్కటే కదా, నందిక కోసమే కదా' అనుకుని చెయ్యి చాచి తెంపాడు. తీగ నిలువెల్లా వణికింది. గాలి అనుకున్నాడు.

ఆ రంగు పడగానే గోడ మేలుకుంది. తేనెటీగలు గోడకు జానెడు దూరంలో ఆగి జుంజుమ్మనడం మొదలుపెట్టాయి. ఇక వకుళుడు ఆగలేదు. గోడ మూలన ఆ తీగనే చిత్రించాడు. కొమ్మన ఒక పువ్వు తెంపాడు, గోడ మీద ఒక పువ్వు పూయించాడు. అలా ఇరవై రెండు పూలు అయ్యాయి. తీగకు ఉన్నవి ఇరవై మూడు.

నిచ్చెన మీద కొబ్బరి చిప్ప ఖాళీ అయింది. వకుళుడు కుంచెను నడుముకు చుట్టిన ఉత్తరీయానికి తుడిచి, నిచ్చెన దిగి, తోటకు పరుగెత్తాడు.

బావి వెనక ఆ తీగ చుట్టూ ముళ్ళకంప! దాని ముందు తోటమాలి చెంగల్వ అవ్వ కర్ర పట్టుకుని కూర్చుంది. డెబ్బై ఏళ్ళ ముసలిది. ఆ ఉద్యానంలో ప్రతి చెట్టునూ ఆమే నాటింది.

"దగ్గరికొచ్చావంటే కాళ్ళు విరుగుతాయి, చెప్తున్నా!"

"అవ్వా, ఒక్క పువ్వే. ఇదే ఆఖరుది."

"నిన్నా ఒక్కటే అన్నావు. మొన్నా ఒక్కటే అన్నావు. నీ ఒక్కటి పాడుగాను! నేల రాలినవే ఏరతానని వచ్చిన్నాడు ఎంత గొప్పలు చెప్పావురా!"

"నా భార్య ప్రాణం ఈ పువ్వు మీద ఉందవ్వా."

చెంగల్వ అవ్వ నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళ నుంచి ధారలు కారాయి. మాట మాత్రం రాలేదు. నోట్లో నాలుక రాయిలా బిగుసుకుంది. మాట రాక, కర్ర ఎత్తి అతని చేతుల మీద టపటపా కొట్టింది.

పెంచిన పూల మీద మమకారం అనుకున్నాడు వకుళుడు. "నన్ను తిట్టుకో అవ్వా. మా నందిక వచ్చాక ఇద్దరం కలిసి నీ తోటకు నీళ్ళు పోస్తాం" అంటూ ముళ్ళు గీరుకుపోతున్నా కంప పక్కకు లాగాడు. ఆఖరి పువ్వు తెంపాడు.

అవ్వ కర్ర జారవిడిచి నేల మీద కూలబడింది.

మధ్యాహ్నపు ఎండ మండపంలోకి నిలువుగా దిగుతున్న వేళ, వకుళుడు ఇరవై మూడో పువ్వుకు చివరి రేకు దిద్దాడు. కుంచె తీశాడో లేదో, గవాక్షం నుంచి ఒక తేనెటీగ దూసుకొచ్చింది. గోడ ముందు ఒక్క క్షణం తేలింది. తిన్నగా వెళ్ళి ఆ పువ్వు నడిమధ్యన వాలి, రెక్కలు ముడుచుకుంది.

మండపం దద్దరిల్లేట్టు శంఖం మోగింది. విశంకటుడు వచ్చాడు. ఆరడుగుల పైన ఎత్తు, భుజాల మీద పులితోలు, నడిస్తే గచ్చు మీద పొగ. వచ్చినవాడు గోడ ముందు నిలబడి, వేలి కొసతో ఒక పువ్వును తాకాడు. అది మాడలేదు. మరొకటి తాకాడు. అదీ మాడలేదు. అంతటి మాంత్రికుడు గోడకు చెంప ఆనించి చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

తర్వాత కళ్ళు తుడుచుకుని, "నేను మాట తప్పను. తీసుకురండి!" అన్నాడు.

భటులు దారి ఇచ్చారు. చెంగల్వ అవ్వ చెయ్యి పట్టుకుని నందిక లోపలికి వచ్చింది. అదే నుదురు, అదే కుడి చెంప మీది మచ్చ. భుజాల మీద, మణికట్ల మీద మాత్రం పచ్చిపచ్చిగా చిన్న చిన్న గాట్లు.

"నందికా!" వకుళుడు పరుగున వెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నాడు.

ఆమె గభాలున చేతులు లాక్కుని అవ్వ వెనక నక్కింది.

"ఎవరయ్యా నువ్వు? అవ్వా, ఈయన్ని పొమ్మను. ఈ చేతులు నాకు తెలుసు. ఇవి తెంపే చేతులు."

వకుళుడు తన చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా ఆరలేదు.

విశంకటుడు మెల్లగా అన్నాడు: "బావి వెనక తీగగా మార్చింది ఈమెనే. ఈమె వయసు ఎంత, చిత్రకారుడా? ఇరవై మూడేళ్ళు. తీగకు ఉన్న పూలూ అన్నే. ఒక్కో పువ్వూ ఒక్కో ఏడాది. ప్రాణం లేని రంగు మీద తేనెటీగ వాలదు. ఆ ఏళ్ళు నేను తెంపితే చేతిలోనే మాడిపోయేవి. అందుకే నీ చేత తెంపించాను. ఇప్పుడవి నా గోడలో ఉన్నాయి. మనిషిని నీకు అప్పగించాను. తీసుకుపో."

గుట్టు బయటపడగానే చెంగల్వ అవ్వ నాలుక విడివడింది. "ఎన్నిసార్లు చెప్పబోయానురా నాయనా! వీడు నా నోరు కట్టేశాడు. కర్రతో కొడితేనన్నా తెలుస్తుందనుకున్నా. నీకు తెలియలేదు!" అని గుండెలు బాదుకుంది. అంతలో గొంతు మార్చి కేక పెట్టింది. "నిలబడతావేంరా! గోడలో ఉన్నదాన్ని నీళ్ళలోకి దింపు! దింపి తాగించు!"

తుమ్మబంకతో కలిపిన రంగు నీళ్ళు తగిలితే నిలవదు. కుంచె పట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి అది. విశంకటుడికి తెలియదు.

వకుళుడు నిచ్చెనను ఒక్క తన్ను తన్నాడు. అది విరుచుకుపడి నలుగురు భటులను కింద వేసింది. కుంచెలు కడుక్కునే గంగాళం రెండు చేతులా ఎత్తి తీగ బొమ్మ మీద కుమ్మరించాడు. ఇరవై మూడు పూలూ ఒక్కసారిగా కరిగి ఎర్రటి చారలై జారాయి. తేనెటీగ ఎగిరిపోయింది. గోడ అడుగున అవ్వ పట్టిన కడవలో ఆ ఎరుపంతా దిగింది. తన చేతితో తాను వేసినవాటిలో అంతకన్నా గొప్ప బొమ్మ లేదు. అది పోతుంటే అతను కన్నెత్తి కూడా చూడలేదు.

"నా పూలు!" విశంకటుడి అరుపుకు మండపం కప్పు నుంచి పెచ్చులు రాలాయి. "పట్టుకోండి వాణ్ణి!"

భటులు కత్తులు దూసి కమ్ముకున్నారు. వకుళుడు సున్నపు బుట్ట ఎత్తి వాళ్ళ ముసుగుల మీద చల్లాడు. కళ్ళు మండి వాళ్ళు ఒకరినొకరు గుద్దుకుంటూ ఉంటే, అవ్వ నందికను లాక్కుని వెనక ద్వారం దాటింది. కడవ భుజాన పెట్టుకుని వకుళుడు వెంట పరుగెత్తాడు.

ఉద్యానం చివర గంధవతీ నది. ఒడ్డున కలువలు కోసుకునే పుట్టి ఒకటి, బుట్టలా గుండ్రంగా, తాడుకు కట్టి ఉంది.

"ఎక్కు తల్లీ" అంది అవ్వ.

"ఈయనతోనా? నేను పోను."

"ఆరు నెలలు నీకు నీళ్ళు పోసింది ఎవరు?"

నందిక అవ్వ అరచేతులు తడిమి చూసింది. "నువ్వే."

"ఆ చేతులతో చెప్తున్నా. వీడు నీ మనిషే. ఎక్కు."

ఆమె ఎక్కింది. చెంగల్వ అవ్వ కొంగులోంచి ఆకు పొట్లం తీసి వకుళుడి చేతిలో కుక్కింది. పొట్లంలో తడిమట్టి, మట్టిలో బొటనవేలంత వేరు.

"ఆ తీగ వేరిది. నది పోయి ఉప్పు సముద్రంలో కలిసేచోట దిబ్బ ఉంది. అది దాటితే వీడి మాయ పారదు. కడవలో నీళ్ళు దక్కితే సరే. దక్కకపోతే ఈ వేరు అక్కడ నాటు. పూస్తుంది. పూసినవి వాటంతటవి రాలితే పిల్ల ఏళ్ళు పిల్లకు తిరిగొస్తాయి, రాలేదాకా ఆగు. ఈసారన్నా ఆగు."

"నువ్వూ రా అవ్వా!"

"నా తోటను వదిలి ఎక్కడికిరా?" అని తాడు కోసి, పుట్టిని కాలితో తోసింది.

అవ్వ వెనక్కు తిరిగి వెళ్ళి ఉద్యానం తలుపు దగ్గర కర్ర అడ్డంగా పట్టుకుని కూర్చోవడం నది మీద నుంచి వకుళుడికి కనిపించింది. కాసేపటికి తలుపు పెళ్ళుమంటూ విరిగింది. అవ్వ కేక ఒక్కటి వినిపించి ఆగిపోయింది. ఆ వెంటనే తోట మాడడం మొదలైంది. సంపెంగలు నల్లబడ్డాయి. మాధవీలతలు తాళ్ళలా వేలాడాయి. డెబ్బై ఏళ్ళ ముసలిది ఒక్కొక్కటిగా పెంచిన తోట, ఒక మనిషి దాన్ని అడ్డంగా నడిచి దాటేంతలో బూడిదైంది.

విశంకటుడు నీళ్ళ మీదికి అడుగుపెట్టాడు. మునగలేదు. అతను వస్తున్న జాడ తామరలే చెప్పాయి. ముందు దూరాన ఒక వరస వాడింది. తర్వాత దగ్గరి వరస వాడింది. వకుళుడు పళ్ళు బిగించి తెడ్డు వేశాడు.

"నందికా, ఆ కడవలో నీళ్ళు తాగు. త్వరగా!"

"నువ్విచ్చింది నేను తాగను."

"బతిమాలుతున్నాను. ఒక్క గుక్క!"

ఆమె అనుమానంగా కడవ అంచు మీద చెయ్యి వేసింది. ఒడ్డు నుంచి బాణం వచ్చింది. అది ఆమెకు తగలలేదు, అతనికీ తగలలేదు. సరిగ్గా కడవకు తగిలింది.

కడవ రెండుగా విచ్చుకుంది. వకుళుడు తెడ్డు వదిలేసి దోసిళ్ళు పట్టాడు. ఎరుపు ఒరిగిన పుట్టి అంచు మీదుగా నదిలోకి ఒలికిపోయింది. అతని దోసిట్లో నిలిచింది తడి మాత్రమే.

ఆ ఎరుపు నది మీద పరుచుకుంటూ పోయింది. అది తాకిన తామరలు, వాడిపోయినవి, ఒక్కొక్కటే తలెత్తి విచ్చుకున్నాయి. విశంకటుడు అడుగు ఆపాడు. అతని పాదాల చుట్టూ, మోకాళ్ళ చుట్టూ పూలు. నిజమైన పూలు. మాడడం లేదు. పుట్టి వెళ్ళిపోతున్నదన్న సంగతే మరిచి, అతను వంగి ఒక తామరను రెండు చేతుల్లోకి తీసుకుని వాసన చూశాడు. నందిక ఇరవై మూడేళ్ళూ ఆ కాసేపు అతని చుట్టూ పూసి, మెల్లగా నీళ్ళలో కలిసిపోయాయి.

అంతలో పుట్టి మలుపు తిరిగింది.

వకుళుడు పగిలిన పెంకులు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు తన నడుముకు చుట్టిన ఉత్తరీయం కంటపడింది. నెల రోజులుగా కుంచె తుడుచుకున్న ఉత్తరీయం. కొంగు నిండా ఎర్రటి మరకలు!

దాన్ని నదిలో తడిపి పిండాడు. లేత ఎరుపు చుక్కలు పడ్డాయి. ఈసారి నందిక ఎందుకో కాదనలేదు. దాహం వేసిందేమో, చెయ్యి చాచి తాగింది. రెండు పుడిసిళ్ళు కూడా లేవు.

ఆమె పెదవుల మీది తడిని వేలితో తుడిచి ఆ ఎరుపును చూసింది. తర్వాత నెమ్మదిగా అంది:

"ఒకాయన ఉండేవాడు."

వకుళుడు ఆమె వైపు వంగాడు.

"పొద్దున్నే అడవిలోకి పోయేవాళ్ళం. నేల నిండా పారిజాతాలు. ఆయన కూర్చుని ఒక్కొక్కటే ఏరేవాడు. కుంచె ఉత్తరీయానికి తుడిచేవాడు, ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. నాకు తలలోకి కొమ్మ మీది పువ్వు కావాలని ఎంత పోట్లాడేదాన్నో! ఒక్కటీ తెంపి ఇచ్చేవాడు కాదు." ఆమె ముఖం మీద చిరునవ్వు తొణికింది. "పేరు... పేరు రావడం లేదు. ముఖమూ రావడం లేదు."

"నేనే నందికా! నన్ను చూడు. ఇదే ఆ ఉత్తరీయం. నేనే!"

ఆమె ఉత్తరీయం వైపు చూసింది. తర్వాత అతని చేతుల వైపు చూసింది. జాలిగా తల ఊపింది.

"నువ్వు కాదయ్యా. ఆయన కొమ్మ మీది పువ్వు ముట్టేవాడు కాదు."

ఎక్కడో ముందు నీటి మోత వినిపించింది. నది రెండు కొండల మధ్య ఇరుకు కనుమలోకి దూకుతోంది. వెనక, మలుపు దగ్గర, తామరలు మళ్ళీ వరసగా నల్లబడుతూ వస్తున్నాయి.

నందిక అతని మోచేతిని వేలితో తట్టింది. అతని అరచేతులు తగలకుండా జాగ్రత్తపడింది. "అయ్యా, ఆయన ఎక్కడుంటాడో నీకు తెలుసా? నన్ను అక్కడికి తీసుకుపోతావా?"

వకుళుడు వేరు పొట్లాన్ని ఉత్తరీయంలో మూటగట్టి మెడకు వేసుకున్నాడు. పెంకులు నదిలోకి విసిరి, తెడ్డు అందుకున్నాడు.

"తీసుకుపోతాను. ఆయన సముద్రం ఒడ్డున ఉన్నాడు. అంచు గట్టిగా పట్టుకో."

పుట్టి గిర్రున ఒక్క చుట్టు తిరిగి, తెల్లటి నురగలోకి జారింది.